పట్టా భూమిలో ఎర్రచందనం: చేవ పట్టేదాకా

చంద్రగిరి, భాకరాపేట, మామండూరు వైపు శేషాచలం అంచున గరుసు నేల ఉన్నవారికి ఎర్రచందనం పరాయి చెట్టు కాదు. తూర్పు కనుమల దక్షిణ కొసలో తప్ప ఇది సహజంగా ఎక్కడా పెరగదు. కాకపోతే పాతికేళ్లలోపు కొడితే దుంగలో తెల్లచెక్కే ఎక్కువ, ధర పలికే చేవ, అంటే మాను నడిమి ఎర్రటి గట్టి చెక్క, సన్నగా ఉంటుంది. అంటే నాటేది మీరు, కోసేది మీ పిల్లలు. ఏటా తిండిగింజలిచ్చే చేనును దీనికి ఇవ్వకండి, మిగిలిన గరుసు నేల ఇవ్వండి.

మొక్క కంటే ముందు కాగితం. పొలం రిజర్వు అడవిని ఆనుకుని ఉంటే సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించాలి. నాటిన ఏడాదే మొక్కల సంఖ్య అడంగల్‌లో (ఊళ్లోని పొలాలు, పైర్ల రెవెన్యూ లెక్క) ఎక్కించి, నర్సరీ రసీదు దాచాలి. పట్టా చెట్టయినా కొట్టడానికి అటవీశాఖ అనుమతి, తరలించడానికి రవాణా పర్మిటు కావాలి. 1995 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వ్యాపారంపై సైటీస్ (ముప్పున్న జాతుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణ కూడా ఉంది. ‘ఈ చెట్టు నీదేనా’ అని అడిగిన రోజు మాట చెల్లదు, కాగితమే చెల్లుతుంది.

ఎకరాకు 4 మీటర్ల ఎడంతో 250 మొక్కలు పడతాయి. మేమైతే 5 మీటర్లు, అంటే 160 చాలంటాం. ఎందుకంటే ఒత్తుగా పెట్టి తర్వాత పలచన చేద్దామనుకుంటే, ఆ సన్న మానుకూ అనుమతి అడగాల్సిందే. మొదటి మూడేళ్లు సాళ్ల మధ్య ఉలవలో వేరుశనగో వేసుకోవచ్చు.

మే నెలలో మూరెడు (45 సెం.మీ.) లోతు, వెడల్పు గుంతలు తీసి ఎండనివ్వండి. పైమట్టిలో రెండు మూడు కిలోల పశువుల ఎరువు, చెదల కోసం గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. రెండు మంచి వానలు పడ్డాక నాటాలి. నవంబరు తుపాను వానలకు ముందే వేరు పట్టుకోవాలి. ఏడాది వయసు మొక్క కొనండి. సంచి అడుగున వేరు చుట్టచుట్టుకున్నదైతే వద్దు, పదేళ్ల తర్వాత గాలికి పడిపోయేది అదే.

ఎక్కువ చెడగొట్టేది నీళ్లే. డ్రిప్ ఉంది కదా అని ఏళ్ల తరబడి తడిపి, యూరియా వేస్తే మాను లావెక్కుతుంది, చేవ మాత్రం పట్టదు. పల్లంలో నీరు నిలిస్తే వేరు కుళ్లి ఆకు పసుపెక్కి రాలిపోతుంది. మొదటి రెండు వేసవుల్లో బతికించేంత తడి ఇచ్చి, ఆ తర్వాత వానకు వదిలేయండి. పాదును వాలుకు కింది వైపు అర్ధచంద్రంగా కడితే చాలు.

మేకలకు ఈ ఆకు ఇష్టం, కాబట్టి మూడేళ్లు కంప కంచె తప్పదు. కింది కొమ్మలను ఎండాకాలంలో, మాను ఎత్తులో మూడో వంతు వరకే, మోడు మిగలకుండా నున్నగా కోయాలి. జనవరికల్లా పొలం చుట్టూ మూడు మీటర్ల మేర ఎండుగడ్డి గీకేయండి. నిప్పు అడవి నుంచే వస్తుందనుకోవద్దు, పక్కచేను గట్టు తగలబెట్టినా అంటుకుంటుంది.

ఏటా సంక్రాంతికి ప్రతి మానుకూ వరుస సంఖ్య వేసి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత పుస్తకంలో రాయండి. దొంగతనం జరిగితే ఫిర్యాదులో ఏ చెట్టు, ఎంత లావు అని చెప్పగలిగేది ఆ లెక్కే. అనుమతితో కొట్టిన మోడును పెరికేయొద్దు. దాన్నుంచి చిగుళ్లు వస్తాయి. ఏడాది ఆగి బలమైనది ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి.