వెండి మంచిదే, మరి నాణెం?

పోయిన నెల మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒక రూపాయి బిళ్ళ పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఆరో జార్జి బొమ్మ, 1939 సంవత్సరం. ఆన్‌లైన్ వేలంలో 80 వేలకు పాడుకున్నారట. "కంసాలికి చూపించాను బాబూ, గీటురాయి మీద గీసి చూసి వెండి మంచిదేనన్నాడు. తూకం కూడా సరిపోయింది. అయినా నువ్వొకసారి చూడు" అన్నారు.

తూకం నిజంగానే సరిపోయింది. అంచు గాట్లు బాగున్నాయి, రాజుగారి ముఖం బాగుంది. పది రెట్ల భూతద్దం కింద పెట్టి సంవత్సరం మీదికి వెలుతురు ఏటవాలుగా వేశాను. చివరి 9 చుట్టూ వెంట్రుక లాంటి గీతలు కనిపించాయి. దాని ఎడమ పక్క కింద లోహం కాస్త పల్లంగా ఉంది. ముందున్న 9 ఒక తీరు, చివరి 9 ఇంకో తీరు. 1938 రూపాయి తీసుకుని, 8 కింది సున్నాలో ఎడమ ముక్కను చెక్కేసి 9 చేశారు. 1938వి కావలసినన్ని దొరుకుతాయి. 1939వి చాలా అరుదు. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. అది ఆయన పింఛను డబ్బు.

ఆయన రాయమంటేనే రాస్తున్నాను. దీపావళి దగ్గర పడుతోంది, వెండి ధర మండిపోతోంది, ఫోన్ తెరిస్తే పాత రూపాయల వేలాలే. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు, ఓటీపీ ఇవ్వొద్దు అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఇరవై ఏళ్లుగా జనం మునిగిపోవడం చూసింది ఈ ఒక్క పొరపాటుతోనే: వెండి అసలుదని తేలగానే నాణెం కూడా అసలుదే అనుకోవడం.

కంసాలి అబద్ధమాడలేదు. ఇది వెండేనా అని అడిగారు, వెండేనన్నాడు. నాణెం గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది ఆయన విద్య కాదు.

వెండి పరీక్ష ఎందుకు చాలదు

ఇత్తడి మీద పూత పూసి అమ్మే రోజులు పోలేదు గానీ, వాటిని ఎవరైనా పట్టేస్తారు. లక్షలు పలికే నాణేల దగ్గర దొంగలు వెండికి లోభించరు. అరిగిపోయిన మామూలు రూపాయలు కరిగించి, అదే పాళ్ల వెండితో కొత్త అచ్చు మీద కొడతారు. లేదా మాస్టారి నాణెంలాగా అసలు నాణేన్నే తీసుకుని ఒక్క అంకె మారుస్తారు. ఈ రెండూ గీటురాయికి దొరకవు. నీళ్లలో తూచి సాంద్రత కట్టినా, మెషీన్లో పెట్టి వెండి శాతం చూసినా దొరకవు.

ఇదే పరీక్ష అసలు నాణేన్ని నకిలీ అనిపించడం కూడా చూశాను. బ్రిటిష్ వాళ్ల రూపాయిలో వెండి 91.7 శాతం. 1940 నుంచి దాన్ని 50 శాతానికి దించేశారు. మన నిజాం చార్మినార్ రూపాయల్లో చాలావాటిలో 81.8 శాతమే. ఒకావిడ అత్తగారి పెట్టెలోని హాలీ సిక్కాలను, అంటే ఆ నిజాం రూపాయలనే, కంసాలి "కల్తీ" అన్నాడని తరుగు తీసి పాత వెండి కింద అమ్మేసుకుంది. అవన్నీ అసలువే.

ఇంకో నష్టం కూడా ఉంది. గీటురాయి మీద రుద్దినా, అంచున ఆకురాయి పెట్టినా, యాసిడ్ చుక్క వేసినా ఆ మచ్చ పోదు. అసలు నాణెమైతే మీ చేతులతో మీరే దాని ధర పడగొట్టుకున్నట్టు. ఆ నాణేన్ని ఇక ఏ సేకర్తా మంచి ధరకు తీసుకోడు.

వేలం పాట పాడే ముందు

తూకం తెలుసుకోండి. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు. పాత లెక్కలో తులమంటే ఆ రూపాయి ఎత్తే. ఇవాళ షాపుల్లో తులమంటే 10 గ్రాములంటున్నారు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. చార్మినార్ రూపాయి సుమారు 11.18 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతుంది, పెరగడం మాత్రం జరగదు. అరుగుదల ఏమీ లేని నాణెం అర గ్రాము తక్కువ తూగితే వదిలేయండి.

ఫోటోలు అడగండి: బొమ్మ, బొరుసు, అంచు, కాటా మీద పెట్టిన నాణెం, సంవత్సరం అంకెలు మాత్రమే దగ్గరగా. నాణేన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పే వీడియో కూడా. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి.

అదే అమ్మకందారు ఇంతకు ముందు అమ్మినవన్నీ చూడండి. రెండు వేర్వేరు నాణేల మీద ఒకే చోట ఒకే గాటు, ఒకే గుంట కనిపిస్తే రెండూ ఒకే అచ్చులోంచి దిగినవే. వాడకంలో పడే గాటు ఏ రెండు నాణేలకూ ఒకేలా పడదు.

బొమ్మను చదవండి. చార్మినార్ రూపాయి మీది ద్వారం బొమ్మలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 'మీమ్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 'ఐన్' అనే ఉర్దూ లిపి అక్షరం ఉంటుంది. దానికీ హిజ్రీ సంవత్సరానికీ పొంతన కుదరాలి. గోపురం బొమ్మ ఉన్న మద్రాసు అర వరహా మీద తెలుగు ఉంటుంది. మన అక్షరం వంపు మనకు తెలిసినంతగా నకిలీ కొట్టేవాడికి తెలియదు, నిదానంగా చదవండి.

అసలు నాణేలను కళ్లారా చూడండి. హైదరాబాద్ సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం పెట్టారు. అక్కడ ఒక పూట గడిపితే, పాట పాడేటప్పుడు ఫోటోలో తేడా కంటికి తగులుతుంది.

ఇక మిగిలినవి

శ్రీరామ పట్టాభిషేకం బొమ్మతో, 1818 సంవత్సరంతో ఉన్న "ఈస్ట్ ఇండియా కంపెనీ నాణెం" కొనకండి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. అది బియ్యాన్ని లాగుతుందని చెప్పేవాడితో మాటలే పెట్టుకోకండి.

1911 ఐదో జార్జి రూపాయి మీద ఏనుగు పందిలా ఉందని గొడవై వెనక్కి తీసుకున్న మాట నిజమే. అయినా బయట చాలానే మిగిలాయి. "దేశంలో పదే ఉన్నాయి" అంటే నమ్మకండి.

1947 రూపాయి నికెల్. అయస్కాంతానికి అంటుకుంటుంది. వెండని అమ్ముతున్నారు.

ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నంత మాత్రాన నమ్మకండి. నాణేలను పరీక్షించి, నంబరు వేసి పెట్టెలో సీలు చేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ కంపెనీల పెట్టెలకూ నకిలీలున్నాయి. నంబరు వాళ్ల సైట్‌లో కొట్టి చూడండి. నంబరు దొరికితే సరిపోదు, అక్కడ ఫోటో ఉంటే దానిలోని మచ్చలూ గీతలూ మీ నాణెంతో కలవాలి. అసలు నంబరునే నకిలీ పెట్టె మీద వేస్తున్నారు.

"టంకశాల రీస్ట్రైక్" అంటే అసలు టంకశాలలోనే ఆ తర్వాతెప్పుడో మళ్లీ కొట్టినది. దానికి అసలు నాణెం ధర పెట్టకండి.

తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్, ఏదీ వద్దు.

వేలం బయట, వాట్సాప్‌లో బేరం కుదుర్చుకోకండి.

మీ దగ్గరున్న నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషనో పన్నో కట్టండి అంటే పైసా పంపకండి. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఈ మోసం చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న మీ అబ్బాయికి పంపాలని కొంటున్నారా? వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు.

పార్సెల్ విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి, మధ్యలో ఆపకండి.

నాణేల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు చూపించండి. ఒకరికి కాదు, ఇద్దరికి. అమ్మినవాడు పంపినవాళ్లకు మాత్రం వద్దు.

మళ్లీ చెబుతున్నా, కంసాలి మాట వెండి వరకే. వెండి మంచిదని తేలిందని ఊపిరి పీల్చుకుని నాణేన్ని బీరువాలో పెట్టేయకండి. అసలు పని అప్పటికింకా మొదలే కాలేదు.

వాపసు గడువు ఎన్ని రోజులో పాడకముందే చదువుకోండి. మాస్టారికి ఉన్న గడువు 7 రోజులు. కంసాలి మాటతో ధైర్యంగా ఉండిపోయి, నా దగ్గరికి వచ్చేసరికి అది 19వ రోజు.