దూరం చూసి టైమ్ లెక్కేసుకోకండి

మొన్న తెలిసిన కుర్రాడొకడు, విదేశంలో కొత్త ఆఫీసులో చేరే రోజు ఉదయానికే దిగేలా టిక్కెట్ కొనుక్కున్నాడు. నెట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చూసి, గంటకు 900 కిలోమీటర్ల చొప్పున లెక్కేసుకున్నాడు. విమానం మారాల్సిన చోట అతను సెక్యూరిటీ లైన్లో ఉండగానే రెండో విమానం వెళ్లిపోయింది. ఇలా జరిగిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమంటుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ కిలోమీటర్లు భూగోళం మీద అతి దగ్గర దారివి. గాలిని బట్టి, వాతావరణాన్ని బట్టి విమానం దారి మారుతుంది. న్యూయార్క్, లండన్ మధ్య దూరం దాదాపు 5,540 కిలోమీటర్లు. జెట్ స్ట్రీమ్ గాలి, అంటే బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలి, వెనక నుంచి తోస్తుంది కాబట్టి లండన్‌కి సుమారు 7 గంటల్లో చేరతారు. అదే గాలికి ఎదురెళ్లే తిరుగు ప్రయాణానికి 8 గంటలు పడుతుంది.

టిక్కెట్ మీద ఉండేవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. చలికాలంలో సింగపూర్‌లో అర్ధరాత్రి 12కి ఎక్కి 19 గంటలు ప్రయాణిస్తే, న్యూయార్క్‌లో అదే తేదీ ఉదయం 6 అవుతుంది. టిక్కెట్‌లో 6 గంటల తేడాయే కనిపిస్తుంది గానీ, ఒంటికి 19 గంటలూ తెలుస్తాయి. అన్నట్టు, 12వ తేదీ 00:30కి విమానం అంటే 11 రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి.

అసలు గండం కనెక్షన్ దగ్గర, అంటే విమానం మారే చోట ఉంది. డబ్బు మిగులుతుందని రెండు వేర్వేరు టిక్కెట్లు కొంటారు, ఎంత చెప్పినా వినరు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి సంబంధం లేదు, మీ డబ్బు పోయినట్టే. మామూలుగా అక్కడ ఇమిగ్రేషన్ (పాస్‌పోర్ట్, వీసా తనిఖీ) దాటాలి, బెల్టు దగ్గర పెట్టెలు తీసుకోవాలి, మళ్లీ చెక్‌ఇన్ లైన్లో నిలబడాలి. ఆ దేశపు వీసా లేకపోతే బయటికే రానివ్వకపోవచ్చు. అమెరికాలో అయితే ఒకే టిక్కెట్ ఉన్నా, సాధారణంగా మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ముగించి, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడ గంటన్నర గ్యాప్ పెట్టుకోవద్దు. మూడు గంటలైనా ఉండాలి. గేటు కూడా విమానం కదిలే టైమ్‌కి కాదు, అంతకు పావుగంటో ఇరవై నిమిషాలో ముందే మూసేస్తారు.

దిగాక నిద్ర సంగతి. ఒళ్లు ఇంకా పాత ఊరి టైమ్‌లోనే ఉంటుంది. నేను విదేశానికి కొత్తగా వచ్చినప్పుడు సాయంత్రం నాలుగింటికే కళ్లు మూతలు పడేవి, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది. అద్దె ఒప్పందం చదువుతుంటే చదివిన లైనే మళ్లీ మళ్లీ చదివేవాణ్ణి. అందుకే దిగిన రోజే సంతకాలు, ఇంటర్వ్యూలు, డ్రైవింగ్ పెట్టుకోకండి.

సరే, మరీ టెన్షన్ పడకండి. ఒకే టిక్కెట్ మీద కనెక్షన్ తప్పితే, మామూలుగా కంపెనీయే తర్వాతి విమానంలో పంపిస్తుంది. నిద్ర కూడా రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది. ఇంకా టిక్కెట్ కొనకపోతే, ఉద్యోగంలో చేరే తేదీని రెండు రోజులు వాయిదా వేయమని ఆఫీసువాళ్లను ఇప్పుడే అడగండి. ముందుగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.