మనోబలం ఒక్కసారి వాడండి, పొదుపు తానే నడుస్తుంది

నాలుగేళ్ల పాటు ప్రతి నెలా ఒకటే మాట అనుకునేదాన్ని: ఈసారి మిగిలింది దాచేయాలి. నెలాఖరుకి మిగిలేది ఏమీ ఉండేది కాదు. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి, మిగతాది వడ్డీ మీద వడ్డీ పెరగనిచ్చేదాన్ని. నాకు నిగ్రహం లేదని ఖాయం చేసేసుకున్నాను. ఇప్పుడు తొమ్మిదేళ్లుగా జీతంలో 40 శాతం దాస్తున్నాను. స్వభావం ఏమీ మారలేదు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేతిలో ఉంటే ఇప్పటికీ ఏదో ఒకటి కొనాలనిపిస్తుంది. నా చేతికి రాకముందే డబ్బు ఎటు పోవాలో మార్చానంతే.

మొదలుపెట్టే ముందు ఎంత దూరం వెళ్లాలో లెక్క వేసుకోండి. ఏడాది ఖర్చుకి 25 రెట్లు కూడబెడితే జీతం లేకున్నా గడుస్తుందనే మాట విని ఉంటారు. 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అమెరికా మార్కెట్ల పాత లెక్కలు తిరగేశాడు. కూడబెట్టిన దాంట్లో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ధరలతో పాటు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లు సరిపోయేదని తేల్చాడు. 25 రెట్లు అక్కడి నుంచి వచ్చినదే: 100ని 4తో భాగిస్తే 25. చిన్న వయసులోనే ఉద్యోగం మానాలనుకునేవాళ్లు ఇంకాస్త ఎక్కువే పెట్టుకోవాలి. నేను 30 రెట్లు లక్ష్యంగా పెట్టుకున్నాను.

ఇక ఎన్నేళ్లు పడుతుంది? ధరల పెరుగుదల పోను ఏటా 5 శాతం రాబడి వస్తుందనుకుందాం. సున్నా నుంచి మొదలుపెట్టి జీతంలో 10 శాతం దాచేవాళ్లు 25 రెట్లకు చేరాలంటే 51 ఏళ్లు కావాలి. 25 శాతం దాస్తే 32 ఏళ్లు. సగం దాస్తే 17 ఏళ్లలోపే. ఖర్చు తగ్గించిన ప్రతిసారీ దాచేది పెరుగుతుంది, చేరాల్సిన మొత్తమూ తగ్గుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కానీ 17 ఏళ్లంటే 200 పైచిలుకు జీతాలు. అన్నిసార్లు మనసుతో కుస్తీ పట్టి గెలవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. అందుకే నిగ్రహమంతా ఒక్క మధ్యాహ్నం ఖర్చు పెట్టండి. జీతం పడిన మర్నాడే డబ్బు దానంతటదే వేరే ఖాతాకి వెళ్లేలా పెట్టండి. ఆ ఖాతాకి కార్డు తీసుకోవద్దు, దాని యాప్ ఫోన్‌లో ఉంచవద్దు. మొదట 5 శాతం చాలు. జీతం పెరిగినప్పుడల్లా పెరిగిన దాంట్లో సగం అటే మళ్లించండి, చేతికొచ్చేది తగ్గదు కాబట్టి బాధ తెలియదు. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనే ఆర్థిక పరిశోధకులు ఒక సంస్థ ఉద్యోగుల చేత ఇలాగే ముందుగా మాట తీసుకున్నారు. 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ పథకంలో చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. రోజూ ఎవరూ పళ్లు బిగించాల్సిన పని పడలేదు.

అయితే కార్డు బాకీ ఉంటే ముందు అదే తీర్చండి. అంత వడ్డీని మించి రాబడి ఇచ్చే పెట్టుబడిని నమ్ముకోలేం. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు విడిగా.

ఇక ఫోన్ సంగతి. కొనుగోలు యాప్‌లన్నింటిలో దాచి ఉంచిన కార్డు వివరాలు తీసేశాను. కార్డుని పక్క గదిలో బీరువా అరలో, పాత డైరీ కింద పెట్టాను. ఇప్పుడు ఏదైనా కొనాలంటే లేవాలి, లైటు వేయాలి, డైరీ తీయాలి, 16 అంకెలు కొట్టాలి. చాలా రాత్రులు ఆ లైటు దగ్గరే ఆగిపోయి, వెనక్కి వచ్చి పడుకున్నాను.

మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, తినకుండా కాసేపు ఆగితే ఇంకా ఎక్కువ ఇస్తానన్నాడు; ఆగగలిగినవాళ్లు తర్వాత చదువులో ముందున్నారని చెప్పేవారు. ఆ మిఠాయి ప్రయోగం గురించి విని మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి. అందులో ఆగగలిగిన పిల్లల్లో చాలామంది మిఠాయిని చూస్తూ కూర్చోలేదు. కళ్లు మూసుకున్నారు, పాటలు పాడుకున్నారు. పైగా 2018లో మరింత ఎక్కువమంది పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఆ ఓపికకీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం బాగా పలచబడింది. వచ్చే డబ్బు ఇల్లు గడవడానికే చాలనివాళ్లకి నిగ్రహం గురించి పాఠాలు చెప్పడం అన్యాయం. వాళ్లకి ముందు కావాల్సింది ఆదాయం.

తప్పిపోయే నెలలూ వస్తాయి. ఇంట్లో జబ్బు చేసి నేను మూడు నెలలు పొదుపు ఆపాను. ఆపిన రోజే మళ్లీ మొదలయ్యే తేదీ కూడా బ్యాంకులో పెట్టేశాను. మార్కెట్ పడినప్పుడు ఏం చేయాలో మార్కెట్ బాగున్న రోజునే నా చేత్తో రాసుకున్నాను: "30 రోజుల వరకు ఏదీ అమ్మను. 31వ రోజున ఈ కాగితం చదివి నిర్ణయిస్తాను." కింద సంతకం, తేదీ. అది కూడా ఆ డైరీలోనే, కార్డు పక్కనే ఉంది. ఇప్పటికి రెండుసార్లు తీసి చదివాను.