తుపాను రోజుల్లో రోడ్డెక్కే ముందు నేను చూసేవి

వానాకాలంలో కిరాయి మాట్లాడుకోడానికి ఫోన్ చేసే పార్టీలందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కడ వాన పడుతోందా అండీ?" అక్కడంటే వాళ్లు దిగాల్సిన ఊరు. విజయవాడలో ఎక్కేవాళ్లు హైదరాబాదు గురించి అడుగుతారు, హైదరాబాదులో ఎక్కేవాళ్లు విజయవాడ గురించి అడుగుతారు. నడుమ నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ ఎలా ఉన్నాయో ఎవరికీ పట్టదు. బండి ఆగిపోయేది మాత్రం అక్కడే. సొంత కారుతో కిరాయిలు తిప్పుకునేవాణ్ని గనక నాకు అలవాటైన పద్ధతి ఒకటుంది. వాతావరణం కబురు ఊరి పేరు పెట్టి వెతకను. వెళ్లే దారికి ఎగువన ఏం జరుగుతోంది, నేను అక్కడికి చేరేసరికి ఏ టైమవుతుంది, ఈ రెండూ పెట్టుకుని వెతుకుతాను.

ఎగువ సంగతే ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది వదిలేసేది అదే. 65వ నంబరు జాతీయ రహదారి ఖమ్మం జిల్లా తొక్కదు, మహబూబాబాద్ అసలే తొక్కదు. అయినా విజయవాడ–హైదరాబాదు కిరాయి ఉంటే నేను మొదట చూసేది ఆ రెండు జిల్లాలు, వాటితోపాటు వరంగల్. అక్కడ కురిసిన వాన మున్నేరులోకి దిగి, తీరిగ్గా నందిగామ దగ్గర హైవే మీదికొస్తుంది. 2023 జులై ఆఖర్లో ఐతవరం దగ్గర ఇలాగే రోడ్డు మునిగి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్లీ అదే చోట, అదే వాగు. మీరు వెళ్లేసరికి నందిగామలో ఎండ కాస్తున్నా సరే, నీళ్లు వస్తాయి. చెన్నై వైపు వెళ్లేవాళ్లకి పెన్నా ఇదే పని చేస్తుంది. 2021 నవంబరులో నెల్లూరు దగ్గర 16వ నంబరు హైవే తెగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ నీళ్లు కడప వైపు నుంచి దిగినవి.

అందుకని ఎప్పుడూ వెళ్లే దారికి ఒకసారి కూర్చుని ఈ పని చేసిపెట్టుకోండి. ఫోన్లో మ్యాపు తెరిచి దారి పొడవునా జరుపుకుంటూ వెళ్తే రోడ్డుకి అడ్డంగా నీలం గీతలు కనిపిస్తాయి. ఒక్కో గీతని వెనక్కి పట్టుకుని వెళ్తే ఏ జిల్లాలో పుట్టిందో తెలుస్తుంది. ఆ జిల్లాల పేర్లు ఫోన్లో రాసిపెట్టుకోండి. నదులు దారి మార్చుకోవు కాబట్టి ఏటా ఆ రాత పనికొస్తుంది.

బులెటిన్‌లో మాటలకి అర్థం

భారత వాతావరణ శాఖ లెక్కలో మన రెండు రాష్ట్రాలూ కలిపి మూడే ముక్కలు: కోస్తాంధ్ర–యానాం, రాయలసీమ, తెలంగాణ. టీవీలో కింద "కోస్తాలో భారీ వర్షాలు" అని పరిగెత్తే అక్షరాలు ఇచ్ఛాపురానికీ వర్తిస్తాయి, తడకీ వర్తిస్తాయి. ప్రయాణానికి ఆ ముక్క చాలదు. జిల్లాలవారీగా రంగులు వేసిన పటం ఉంటుంది, అది కావాలి. అమరావతి, హైదరాబాద్ వాతావరణ కేంద్రాల వెబ్‌సైట్లలో దొరుకుతుంది, 'మౌసమ్' యాప్‌లోనూ చూడొచ్చు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే ఇక కదలమని. ఆ కదలడం జాగ్రత్త పడటానికి, రోడ్డు మీదికి మాత్రం కాదు. నా మట్టుకు పసుపైతే వెళ్తాను, నారింజైతే టైము మారుస్తాను, ఎరుపైతే కిరాయి వదులుకుంటాను. నా దారికి ఎగువ జిల్లా ఎరుపులో ఉన్నా అదే లెక్క.

ఇక వాన ఎంతన్నది. ఇరవై నాలుగ్గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే 'భారీ', 115.6 నుంచి 'అతి భారీ', 204.5 దగ్గర్నుంచి 'అత్యంత భారీ'. ఈ ఇరవై నాలుగ్గంటలు ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. పేపర్లో "పన్నెండు సెంటీమీటర్లు" అని చదివితే అది రోజంతా తీరిగ్గా కురిసిందో, రెండు గంటల్లో కుమ్మేసిందో దాన్నిబట్టి తెలియదు. రోడ్డుకి ఆ తేడా చాలా ఎక్కువ.

'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'చాలా చోట్ల' అని ఊరికే రాయరు. మొదటిది ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతం లోపు, రెండోది సగం లోపు, మూడోది ముప్పావు లోపు. అంతకు మించితే 'దాదాపు అన్ని చోట్ల' అంటారు. "ఒకటి రెండు చోట్ల అతి భారీ" అని వినగానే మన దాకా రాదులే అనుకుంటారు. నాకు అదే ఎక్కువ భయం. ఆ ఒక్క చోటు నేను దాటాల్సిన వాగుకి నెత్తిన ఉంటే?

'ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక', 'మూడో నంబరు' అని టీవీవాళ్లు గంట కొట్టినట్టు చెప్పేవి ఓడరేవుల్లో ఓడల కోసం ఎగరేసే సంకేతాలు. బస్సులో పోయేవాళ్లు వాటితో బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు.

"తీరం దాటేసిందటగా"

ఈ మాట వినగానే నేను ఇంకో రోజు ఆగుతాను. 2020 అక్టోబరు 13 ఉదయం తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. అక్కడితో అయిపోయిందని జనం అనుకున్నారు. ఆ రాత్రే హైదరాబాదు మునిగింది. గగన్‌పహాడ్ దగ్గర 44వ నంబరు హైవే మీద వాహనాలు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. మరుసటేడు నవంబరు 19న వాయుగుండం తీరం దాటింది చెన్నై దగ్గర, అదే ఉదయం కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, రాజంపేట వైపు ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి. తీరం దాటాక గాలి తగ్గుతుంది. మేఘంలో నీళ్లు ఎక్కడికీ పోవు, లోపలి జిల్లాల మీద పడతాయి. అందుకని తుపాను పటంలో తీరం దాటే చుక్క దగ్గర ఆగకుండా, తర్వాతి ఇరవై నాలుగ్గంటల గీత ఎటు పోతోందో చూడండి.

తీరంలోనే ఉండి గాలి కోసం చూసేవాళ్లకి ఒక మాట. గంటకి 62 కిలోమీటర్లు దాటిన గాలుంటేనే దాన్ని తుపాను అంటారు, 31 నుంచి వాయుగుండం. తీవ్ర తుపాను కన్ను సరిగ్గా మన మీదుగా వెళ్తే నడుమ గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఒక్కోసారి ఆకాశం కూడా తేరుకుంటుంది. అప్పుడు బండి తీయకూడదు. రెండో సగంలో గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. మొదటి విడతలో వేళ్లు కదిలిన చెట్లు, హోర్డింగులు అప్పుడే పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లని అడగండి, చెప్తారు.

బయల్దేరే రోజు

ముందురోజు రాత్రి జిల్లాల రంగులు చూస్తే ఆ చూపు పొద్దుటికి పాతబడుతుంది. తెల్లవారాక మూడు గంటల ముందస్తు సూచన చూడాలి. దాన్నే నౌకాస్ట్ అంటారు, వాతావరణ శాఖే ఇస్తుంది, జిల్లాలవారీగా ఉంటుంది. తర్వాత రాడార్ బొమ్మ. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాదుల్లో డాప్లర్ రాడార్లున్నాయి. ఒక్క బొమ్మ చూస్తే ఏమీ తెలియదు. వరసగా నాలుగైదు చూసి ఎర్రటి ముద్ద, అంటే జోరు వాన, ఏ దిక్కుకి జరుగుతోందో పట్టుకోవాలి. కొన్ని బొమ్మల మీద గ్రీన్‌విచ్ టైము ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. రాడార్‌కి బాగా దూరంలో ఉన్న ఊరి మీద ఖాళీగా కనిపిస్తే వాన లేదని రాసుకోకండి. దూరం పెరిగేకొద్దీ దాని కిరణం భూమికి బాగా పైనుంచి పోతుంది, కింద కురిసేది దాటేస్తుంది.

ఇంత చూశాక కూడా నేను ఒక ఫోన్ చేస్తాను. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033. దారి మూసేశారా, ఎటు మళ్లిస్తున్నారో చెప్తారు. ఎదురుగా వచ్చే లారీవాళ్లు, ఆర్టీసీ డ్రైవర్లు టీ కోసం ఆగినప్పుడు చెప్పేది అంతకన్నా తాజాగా ఉంటుంది.

లెక్కలో వచ్చే తేడా చాలావరకు టైముది. ఎగువన సాయంత్రం పిడుగుల వాన ఉందని తెలిస్తే తెల్లారగట్ల నాలుగింటికి తీసి మధ్యాహ్నానికి చేరిపోతాను. వాగు దాటాల్సిన చోటు పగటి వెలుతురులోనే రావాలి. రాత్రి హెడ్‌లైటు వెలుగులో నీళ్లు రోడ్డులాగే నల్లగా మెరుస్తాయి.

చప్టా దగ్గర

వాన ప్రయాణంలో ప్రాణాల మీదికి తెచ్చేది చప్టా, అంటే వాగు పొంగితే నీళ్లు పైనుంచి పారే ఎత్తు తక్కువ దాటు రోడ్డు. నీళ్లు రోడ్డు మీద నిలిచి ఉంటే ఆలోచిద్దాం, పారుతుంటే ఆలోచనే వద్దు. పారే నీళ్లు చీలమండ దాటి పదిహేను సెంటీమీటర్లుంటే మనిషి నిలదొక్కుకోలేడు. ముప్పై సెంటీమీటర్లకి చిన్న కారు తేలడం మొదలెడుతుంది. అరవైకి పెద్ద బండ్లనీ లాక్కుపోతుంది. పైగా కింద రోడ్డు ఉందో లేదో పైనుంచి కనిపించదు. నీళ్లు అంచుని కోసుకుంటూ పోయి తారు పైన పెచ్చులా మిగిలి ఉంటుంది, చక్రం పడగానే విరుగుతుంది.

అవతలి గట్టు మీద నుంచి ట్రాక్టర్ అతను "వచ్చెయ్ వచ్చెయ్, ఏం కాదు" అని చెయ్యూపుతాడు. ట్రాక్టర్‌కి ఆ చక్రాలున్నాయి, ఆ బరువుంది. వెనక సీట్లో పెద్దాయన కూడా అంటారు: "ముహూర్తం దాటిపోతుందయ్యా, నెమ్మదిగా పోనీ." నేను బండి ఆపి తాళం తీసి జేబులో వేసుకుంటాను. "బాబాయిగారూ, పెళ్లివారికి ఫోన్ చెయ్యండి, మనం వెనక్కి తిరుగుతున్నాం" అంటాను. కోపగించుకుంటారు, కోపగించుకోనీ.

వాగు పెరగబోతోందని అదే చెప్తుంది. తేటగా ఉన్న నీళ్లు ఎర్రగా మారడం, పుల్లలూ ఆకులూ గుంపుగా కొట్టుకురావడం, ఎగువన రొద పెరగడం. ఈ మూడింట్లో ఒక్కటి కనపడినా గట్టు ఎక్కేయాలి. అక్కడ వాన లేకపోయినా సరే.

పొరపాటున బండి నీళ్లలో ఆగిపోతే సామాను సంగతి మర్చిపోండి. కరెంటు పోకముందే పక్క అద్దాలు దించేయాలి, బెల్టు తీసేయాలి, పిల్లల్ని ముందు బయటికి పంపి పైకెక్కాలి. అద్దం పగలగొట్టాల్సి వస్తే పక్కదే. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య పొర ఉంటుంది, అది బీటలు వారుతుంది గానీ ఊడిరాదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి, డిక్కీలో పెడితే అక్కరకి రాదు. అత్యవసరానికి 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూముకి 1070.

పిడుగు, ఎండ, రైలు

మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో వస్తుంది. ముప్పై సెకన్ల లోపైతే గూటికి చేరాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఇనుప టాపున్న కారులో అద్దాలెత్తుకుని కూర్చుంటే భయం లేదు. ప్రమాదమంతా బైకు మీద పోతూ చెట్టు కింద ఆగేవాళ్లకే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ మన చుట్టూ ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగుల్ని చూపిస్తుంది. పొలాల మధ్య రోడ్ల మీద తిరిగేవాళ్లు పెట్టుకోవాల్సిందే.

ఎండాకాలం గురించి ఒక్కటే. కబురులో చెప్పే 43 డిగ్రీలు నీడలో, గాలాడే చెక్కపెట్టెలో ఉంచిన థర్మామీటరు చూపించేది. తారు రోడ్డు మీద మీకు తగిలేది అంతకన్నా ఎక్కువ. వడగాలుల రోజున మధ్యాహ్నం బైకు ప్రయాణం పెట్టుకోకండి.

రైలుకి వెళ్లేవాళ్లు 139కి ఫోన్ చేసి కనుక్కోవాలి. రైల్వేనే రైలు రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ డబ్బు పూర్తిగా దానంతటదే వెనక్కొస్తుంది. మూడు గంటలకి మించి ఆలస్యమై, మీరు ఎక్కకుండా మానుకుంటే కూడా పూర్తి డబ్బు ఇస్తారు. కాకపోతే రైలు మీ స్టేషను నుంచి బయల్దేరే లోపే టీడీఆర్, అంటే టికెట్ డబ్బు వెనక్కివ్వమని పెట్టే దరఖాస్తు, వేయాలి. ఇది తెలియక చాలామంది టికెట్ డబ్బులు పోతాయని వానలో స్టేషనుకి పరిగెడతారు.

చివరగా, నీళ్లలో మునిగిన కారు సంగతి. నీళ్లు తీశాయి కదా అని తాళం తిప్పకండి. ఇంజనులోకి నీళ్లు చేరి ఉంటే ఆ ఒక్క తిప్పుతో లోపల కడ్డీలు వంగిపోతాయి. 'ఇంజన్ ప్రొటెక్ట్' అని విడిగా తీసుకోని బీమాలో చాలావరకు ఆ నష్టానికి డబ్బులివ్వరు. బ్యాటరీ వైరు ఊడదీసి, నీళ్లు ఎంతవరకు ఎక్కాయో కనపడేలా ఫొటోలు తీసుకుని, బీమా కంపెనీకి చెప్పి, కట్టి లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్లండి.