డ్రెయిన్ పని మధ్యలో ఆగిందా? విశాఖ సైట్లలో సమస్యలు - పరిష్కారాలు

సమస్య: జేసీబీ దిగిన రెండో రోజుకే పని ఆగింది.

కారణం గోతిలోనే కనిపిస్తుంది. డ్రాయింగ్‌లో ఖాళీగా ఉన్నచోట తాగునీటి పైపు, దాని పైన కరెంటు కేబుల్, పక్కనే ఎవరిదో తెలియని ఇంటర్నెట్ డక్టు. పూర్ణా మార్కెట్, జగదాంబ వైపు పాత వీధుల్లో ఇది మామూలే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వేల స్తంభాలను పడగొట్టింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో చాలాచోట్ల కరెంటు లైన్లు భూమిలోకి వెళ్లాయి. తుపాన్లకు అది మంచిదే, తవ్వేవాళ్లకే టెన్షన్.

పరిష్కారం: ఎస్టిమేట్ దశలోనే ట్రయల్ పిట్లు, అంటే కింద ఏముందో చూసే చిన్న గోతులు, తీయించండి. డ్రెయిన్ వెళ్లే దారికి (అలైన్‌మెంట్‌కు) అడ్డంగా, డ్రెయిన్ అడుగు మట్టం దాకా, పలుగు పారలతోనే. జేసీబీ పెడితే మనం వెతుకుతున్న కేబులే తెగుతుంది. ఆ ఏరియా లైన్‌మన్‌నీ వాటర్ ఫిట్టర్‌నీ వెంట ఉంచుకోండి. డ్రాయింగ్‌లో లేనిది వాళ్లకు గుర్తుంటుంది. దొరికిన ప్రతి లైనుకూ లోతు రాసి, ఫొటో తీసి, షిఫ్టింగ్ ఖర్చును విడి ఐటెంగా చూపించండి. ఆ డబ్బు ఏ శాఖ కట్టాలో టెండర్‌కు ముందే తేలాలి. తర్వాత చూద్దాం అనుకుంటే ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంటుంది, ఇక్కడ బారికేడ్లు తుప్పు పడుతుంటాయి.

పని ఇప్పటికే ఆగిపోతే అదే రోజు హిండరెన్స్ రిజిస్టర్‌లో (పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకంలో) రాయండి: ఏ చైనేజీ (పని మొదటి నుంచి దూరం) నుంచి ఎక్కడిదాకా, ఎందుకు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సంతకం, కాంట్రాక్టర్ సంతకం. అడ్డు తొలగిన తేదీ కూడా రాయాలి, చాలామంది మరిచేది అదే. గడువు పొడిగింపు అడిగితే ముందు చూసేది ఈ తేదీలనే. ఆర్నెల్ల ఎంట్రీలు ఒక్క పూటలో ఒకే పెన్నుతో రాస్తే ఆడిట్ వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

సమస్య: బీచ్ వైపు కట్టిన గోడ మీద కొన్నేళ్లకే గోధుమరంగు చారలు, రాడ్ వెంబడి పగుళ్లు.

కారణం: ఉప్పుగాలికి లోపలి రాడ్ తుప్పు పట్టింది. ఊరి లోపలి పనికి వేసిన స్పెసిఫికేషన్‌నే ఇక్కడా దించేసి ఉంటారు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం తీరప్రాంత గాలి తగిలే ఆర్‌సీసీకి (రాడ్లు వేసిన కాంక్రీటుకు) కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, రాడ్ మీద 45 మి.మీ. కాంక్రీటు పొర (కవర్) ఉండాలి. సముద్రపు తుంపర పడేచోట ఎం35, 50 మి.మీ. రెండుచోట్లా నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు.

పరిష్కారం: కాంక్రీటు పోత మొదలవకముందే కవర్ బ్లాకులు (రాడ్‌ను ఆ దూరంలో నిలిపే దిమ్మెలు) కొలిచి చూడండి. కంకర రాయి పెట్టి రాడ్ లేపి ఉంటే పోత ఆపించండి. చారలు వచ్చేసిన గోడకు పైపైన ప్లాస్టరింగ్ చేయించడం దండగ. వదులైన కాంక్రీటును రాడ్ వెనక దాకా కొట్టించి, తుప్పు గీకించాకే మరమ్మతు.

సమస్య: అక్టోబర్ వానకు గెడ్డలో (వాగులో) పునాది మునిగింది.

కారణం వర్క్ ప్రోగ్రామ్‌లోనే ఉంది, తుపాన్ల నెలల్లో అడుగు పని పెట్టారు. పునాదులు మే లోపు ముగించండి, కుదరకపోతే జనవరికి జరపండి. నీటి మళ్లింపు, డీవాటరింగ్ (గోతిలో నీరు తోడటం) ఎస్టిమేట్‌లో ఉండాల్సిందే.

సమస్య: బిల్లు రాలేదు, కూలీలు వెళ్లిపోయారు.

ముందు ఎం-బుక్ (జరిగిన పని కొలతల పుస్తకం) కొలతలు, 28 రోజుల క్యూబ్ రిపోర్టులు (కాంక్రీటు బలం పరీక్ష ఫలితాలు) బిల్లుతో వెళ్లాయో లేదో చూడండి. నిధులే లేక ఆగితే సైట్‌లో దానికి మందు లేదు. తవ్విన మేర ముగించి లేదా పూడ్చి జనానికి దారి ఇవ్వండి, డబ్బు వచ్చేదాకా కొత్త గొయ్యి తీయకండి.