ఈగిల్‌నెస్ట్‌లో సీతాకోకచిలుకలను లెక్కించడం: బెంగళూరులో చేసుకోవలసిన సాధన

అరుణాచల్ ప్రదేశ్‌లోని ఈగిల్‌నెస్ట్ అభయారణ్యానికి సీతాకోకచిలుకల కోసం వెళ్ళదలచిన బెంగళూరు తెలుగువారు సాధనను బాల్కనీలోని కరివేపాకు కుండీ దగ్గరే మొదలుపెట్టవచ్చు. ఆకు మీద పక్షి రెట్టలా కనిపించేదాన్ని దులిపేయకుండా కొన్ని వారాలు గమనిస్తే, అది ఆకుపచ్చ గొంగళిపురుగై, ప్యూపాగా మారి, చివరకు కామన్ మార్మన్ సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. ఈలోగా చారు తాలింపుకు ఆకులు మిగలడం లేదని ఇంట్లో సణుగుడు తప్పదు.

తర్వాత లాల్‌బాగ్‌లో ఒక దారిని ఎంచుకుని, ఎండ కాసే ఉదయాల్లో అదే దారిలో నెమ్మదిగా నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల మేరలో కనిపించినవాటినే లెక్కించాలి. దాటి వచ్చినవాటి కోసం వెనుదిరగకూడదు.

ఈగిల్‌నెస్ట్ సుమారు 500 మీటర్ల నుంచి 3,250 మీటర్ల ఎత్తు వరకు విస్తరించి ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరిగి, చెట్లూ వాటిమీద బతికే గొంగళిపురుగులూ మారిపోతాయి కాబట్టి, ప్రతి నమోదులో తేదీ, సమయంతో పాటు ఎత్తును కూడా రాయాలి. అది లేని ఫోటో, నా దృష్టిలో, అందమైన జ్ఞాపకం మాత్రమే. ఎండ వచ్చాక దారిలోని తడి మట్టి మీద మగ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి లవణాలను పీలుస్తుంటాయి. మీ నీడ వాటిపై పడకుండా మోకాళ్ళపై కూర్చుని, రెక్కల పైభాగాన్నీ అడుగుభాగాన్నీ వేర్వేరుగా ఫోటో తీయాలి. జాతిని తేల్చే గుర్తులు చాలాసార్లు అడుగుభాగంలోనే ఉంటాయి.

వల తీసుకెళ్ళవద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పట్టి చంపనిదే పరిశోధన సాగదని అనుకునేవారు ఒక విషయం గమనించాలి: ఖగోళ శాస్త్రజ్ఞుడైన రమణ ఆత్రేయ 2006లో ఇక్కడి బుగున్ లియోసిక్లా అనే చిన్న పక్షిని కొత్త జాతిగా ప్రకటించినప్పుడు, ఆ పక్షులు అతి కొద్ది మాత్రమే కనిపించినందున ఒక్కదాన్నీ చంపలేదు, ఫోటోలు, కొన్ని ఈకలే ఆధారాలయ్యాయి.

ఆ పక్షి పేరులోని బుగున్ తెగవారే అక్కడ మీ ఆతిథేయులు. తమ అడవిలో దాదాపు 17 చదరపు కిలోమీటర్లను వారు కమ్యూనిటీ రిజర్వుగా అప్పగించగా, 2017లో దానికి ప్రభుత్వ గుర్తింపు లభించింది. అందువల్ల బసను, గైడ్‌ను వారి ద్వారానే కుదుర్చుకోవాలి. గువాహటికి విమాన టికెట్ కొనేటప్పుడే అరుణాచల్‌లో అడుగుపెట్టడానికి ఇతర రాష్ట్రాలవారు తీసుకోవలసిన ఇన్నర్ లైన్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. తిరిగివచ్చాక జాబితా ప్రతిని గైడ్‌కు పంపి, ఆయన అంగీకరిస్తే పరిశీలకులలో ఆయన పేరును కూడా చేర్చాలి.