వరద రాకముందే ఇంజెక్షన్ తేదీ చూసుకోండి

కీళ్లవాత జ్వరం వచ్చి తగ్గిన పిల్లలున్న లంక ఊళ్ల అమ్మానాన్నలకు ఈ నాలుగు మాటలు. మోకాళ్ల వాపు పోయింది, పిల్ల బడికెళ్తోంది, ఇంకేముందిలే అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. కానీ ఆ జ్వరం చాలామందిలో గుండె కవాటాలను, అంటే గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపుల్లాంటి వాటిని, దెబ్బతీస్తుంది. గొంతునొప్పితో అది మళ్లీ తిరగబెడితే కవాటం ఇంకాస్త పాడవుతుంది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేసేది అది తిరగబెట్టకుండా ఉండటానికే. ఏళ్ల తరబడి వేయించాలి, ఎన్నేళ్లో డాక్టరుగారే చెప్పాలి.

2022 జూలై గోదారి వరదకి మా ఊరి దారి, ఆ కాజ్‌వే, మునిగి, మా అమ్మాయి ఇంజెక్షన్ పది రోజులు ఆలస్యమైంది. ఆ పది రాత్రులూ నాకు కంటిమీద కునుకు లేదు. అప్పట్నుంచి జూన్ రాగానే క్యాలెండర్లో 21 రోజులకోసారి ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి వరద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, మా దారి మునగడానికి అంత నీరు కూడా అక్కర్లేదు. ఎగువన భద్రాచలంలో గోదారి పెరుగుతోందని వినగానే డాక్టరుగారికి ఫోన్ చేసి, రెండ్రోజులు ముందే వేయించొచ్చా అని అడగండి. ఆసుపత్రిలో మందు ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, పెన్సిలిన్ కొందరికి పడదు.

పిల్ల ఎదుగుదల కూడా చూసుకోవాలి. నెలకోసారి బరువు, మూడు నెలలకోసారి ఎత్తు నోటుపుస్తకంలో రాయండి. బరువు 27 కేజీలు దాటితే మందు మోతాదు 6 లక్షల యూనిట్ల నుంచి 12 లక్షలకు మారుతుంది, ఆ మాట మీరే గుర్తుచేయాలి. నెలల తరబడి బరువు పెరగకపోతే గుండె అలసిపోతోందేమో చూపించాలి. రెండ్రోజుల్లోనే కేజీ పెరిగితే ఒళ్లు చేసిందని మురిసిపోకండి. చీలమండ పైన బొటనవేలితో నొక్కండి, గుంట పడి అలాగే ఉంటే అది ఒంట్లో చేరిన నీరు.

వరదరోజుల్లో ఇంట్లో ఉండేది ఆవకాయ, ఎండుచేపలే. ఉప్పు తగ్గించమన్న పిల్లలకి అవి పెట్టొద్దు, గుడ్లు, పప్పు ముందే తెచ్చుకోండి. పన్ను పీకించాల్సొస్తే పళ్ల డాక్టరుకి కవాటం సంగతి ముందే చెప్పండి.

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు, మందుల చీటీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే నెమ్మది అన్నట్టుంటే వరద తీసేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, పడవ కట్టించి ఆ రాత్రే దాటించండి.